షెల్టర్‌లో పిలకాయలతో కూర్చోవడం ఎలా?

తుఫాను హెచ్చరిక రాగానే మా నెల్లూరు తీరంలో పట్టపు పాళేల (చేపలు పట్టేవాళ్ల పల్లెల) వాళ్లను షెల్టర్‌కో బడికో చేరుస్తారు. అన్నం పొట్లాలు వస్తాయి, దుప్పట్లు వస్తాయి. పిలకాయల దగ్గరికి మాత్రం ఎవరో వచ్చి బిస్కెట్లు పంచి, ఒక పాట పాడించి, ఫొటో దిగి పోతారు. చూసి చూసి విసుగొచ్చి, పిలకాయలతో ఎలా కూర్చోవాలో రాస్తున్నా.

యుద్ధం తరిమితే ఊరు వదిలిన పిల్లలకు క్యాంపుల్లో చేయాల్సిందీ ఇంచుమించు ఇదే. మనవాళ్లకు నీళ్లు తీశాక తిరిగి పోవడానికి ఊరుంటుంది, వాళ్లకు అదీ ఉండదు. అయినా మొదటి రోజుల్లో పని ఒకటే.

కావలసినవి: చాప, తెల్ల కాగితాలు, క్రేయాన్లు, ఒక బంతి. స్కెచ్ పెన్నులు తేవద్దు. మూతలు పోతాయి, కొట్లాటలు మొదలవుతాయి.

చాప ఎక్కడ పరిచినా అక్కడి నుంచి అమ్మ కనబడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు పిల్లల మనసు మీద పనిచేసిన అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ పిల్లల కోసం నర్సరీలు నడిపారు. బాంబుల కన్నా తల్లికి దూరమవడమే పసివాళ్లను ఎక్కువ దెబ్బతీసిందని వాళ్లు గమనించారు.

రోజూ ఒకే టైముకు కూర్చోండి. నేనైతే పొద్దున పదికి, సాయంత్రం నాలుగుకి.

ఇక అందరూ చెడగొట్టేది బొమ్మల దగ్గర. ఒకసారి ఏడేళ్ల పిల్లాడు కాగితం చిరిగేదాకా నలుపు రుద్దాడు. మూలన గోరంత పడవ. సాయానికి వచ్చిన ఒకాయన వంగి చూసి, "ఏంది అబ్బయ్యా, అంతా నలుపేనా? సూర్యుణ్ణి వెయ్యి. ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పు" అన్నాడు. పిల్లాడు కాగితం తిరగేసి దాని మీద కూర్చున్నాడు. మర్నాడు చాప దగ్గరికే రాలేదు.

ఏం జరిగిందో చెప్పమని అడగొద్దు. "కక్కేస్తే మనసు తేలికవుతుంది" అనే వాళ్ల మాట వినొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం కూడా బలవంతంగా చెప్పించొద్దనే అంటుంది. కంటికి కనబడిందే అనండి: "నలుపు గట్టిగా రుద్దావే." అని ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం, నాకూ నాలుక దురద పెడుతుంది. వాడే నోరు విప్పితే మధ్యలో అడ్డుపడకుండా వినండి. "ఏం కాలేదులే, మర్చిపో" అనొద్దు.

"మా నాయన ఎప్పుడొస్తాడు?" అని అడిగితే "రేపొస్తాడు" అని మాత్రం అనకండి. "వెతుకుతా ఉండారు. కబురు తెలిసిన వెంటనే నీకు చెప్తా" అనండి. కబురు లేకపోయినా సాయంత్రం వెళ్లి ఆ మాటే చెప్పండి. అబద్ధం ఒక్కసారి బయటపడిందా, ఇక మీరు చెప్పేదేదీ వాడు నమ్మడు.

పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం కొన్నాళ్లు మామూలే, తిట్టొద్దు. నెల దాటినా నిద్ర, తిండి, మాట దారిలో పడకపోతే డాక్టరుకు చూపించండి, లేదా మానసిక ఇబ్బందులకు సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. తప్పిపోయిన పిల్లలుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

బొమ్మలు గోడకు అంటించి వచ్చేపోయే ఆఫీసర్లకు చూపించొద్దు, ఎవరి బొమ్మ వాళ్లకే ఇచ్చేయండి. నల్ల క్రేయాన్లు అన్నిటికన్నా ముందు అరిగిపోతాయి, రెండు పెట్టెలు ఎక్కువే తెచ్చుకోండి.