చవక ట్యాబ్ కొనాలా? సొంతంగా తేల్చుకునే పాఠాలు – 4: పెట్టె మీద ఎనిమిది, లోపల నాలుగు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని చెప్పాను. దగ్గర్లోని షాపుకి వెళ్లి, పదిహేను వేల లోపు ట్యాబ్ ఏదైనా ఒకటి చేతిలోకి తీసుకుని, దాని ర్యామ్ (తెరిచిన పనులు నిలిచే చోటు), స్టోరేజీ (ఫైళ్లు, యాప్‌లు దాచే చోటు), తెర కొలత రాసుకు రమ్మన్నాను. కొనమనలేదు. మన విశాఖలో జగదాంబ, గాజువాక, మధురవాడ, అన్ని వైపుల నుంచీ సమాధానాలు వచ్చాయి. చాలా కాగితాల్లో ‘ర్యామ్: 8 జీబీ’ అని ఉంది. కొందరు రాసుకోవడంతో ఆగలేదు, కొనుక్కునే వచ్చారు. ‘మీరు ఆరైనా ఉండాలన్నారు, నాకు ఎనిమిదే దొరికిందండీ’ అని సంబరంగా రాశారు కూడా.

వాళ్లు రాసిన మోడళ్లు చూశాను. ఎక్కువ భాగం నాలుగు జీబీవే.

ఈసారి పాఠమంతా తెర గురించి చెబుదామనుకున్నాను. ఇప్పుడది రెండో సగానికి జరిగింది. ముందు ఈ ఎనిమిది సంగతి తేలాలి. ఇది తేలకుండా చవక ట్యాబ్ పెట్టిన డబ్బుకు తగినదా కాదా అన్న లెక్క మొదలే కాదు.

షాపులో జరిగేది ఇది. మీరు ‘ర్యామ్ ఎంత?’ అంటారు. కుర్రాడు ‘ఎయిట్ జీబీ సార్’ అంటాడు. కాస్త గట్టిగా అడిగితే ‘ఫోర్ ప్లస్ ఫోర్ సార్, మొత్తం ఎయిట్’ అంటాడు. అతను అబద్ధమాడటం లేదు, పెట్టె మీద ఉన్నదే చదువుతున్నాడు. పెట్టె మీద 8 పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన ఒక నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. ఆ నక్షత్రం తాలూకు వివరం పెట్టె అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. నాకు కోపం వచ్చేది ఆ నక్షత్రం దగ్గరే.

మొదటి నాలుగు అసలు ర్యామ్. రెండో నాలుగు ర్యామ్ కాదు, మీ స్టోరేజీలోంచి కోసి తీసిన ముక్క. వంటగట్టు మీద చోటు చాలక గిన్నెలు అటకెక్కించి, కావాల్సినప్పుడల్లా స్టూలు వేసుకుని దించుకోవడం లాంటిదన్నమాట. చోటు పెరిగినట్టే ఉంటుంది, పని మాత్రం స్టూలు దగ్గరే ఆగుతుంది. స్టూలు ఎంత నిదానమో అంకెల్లో చెబుతాను. చవక ట్యాబుల్లో సాధారణంగా ఉండే ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ రకం ర్యామ్ సెకనుకు దాదాపు 17 జీబీ దాకా అందించగలదు. వాటిలోనే వేసే ఈఎంఎంసీ 5.1 స్టోరేజీకి కాగితం మీద హద్దే సెకనుకు 400 ఎంబీ. చేతికొచ్చేది అంతకంటే తక్కువ, అందులోనూ చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి ఏరాల్సి వస్తే మరీ తక్కువ. అంటే మంచి రోజున కూడా నలభై రెట్ల తేడా. ఈ రెంటినీ కూడి ఎనిమిది అనడం నాకు మింగుడు పడదు.

పైగా ఆ నాలుగూ ఊరికే రావు. 64 జీబీ ట్యాబులో సిస్టమ్ తన వాటా తీసుకోగా మీకు మిగిలేదే తక్కువ, అందులోంచి ఇంకో నాలుగు పోతుంది. ఈ రకం స్టోరేజీకి రాతలు చెరుపుళ్లు ఎక్కువయ్యే కొద్దీ అరుగుదల ఉంటుంది, ‘అదనపు ర్యామ్’ రోజంతా చేసేది సరిగ్గా ఆ పనే. కొని తెచ్చేసినవాళ్లు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపి చూడండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఒకరు ర్యామ్ ప్లస్ అంటారు, ఒకరు మెమరీ ఎక్స్‌టెన్షన్ అంటారు. ఆపి, ట్యాబ్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి, రెండ్రోజులు వాడండి. తేడా ఏమీ తెలియకపోతే అలాగే ఉంచేయండి. నేనైతే కొత్త ట్యాబ్ చేతికి రాగానే మొదట చేసేది ఇదే. రెండోది, డెవలపర్ ఆప్షన్లలో (మామూలుగా కనబడకుండా దాచి ఉంచే సెట్టింగులు) యానిమేషన్లు మూడింటినీ సగానికి తగ్గించడం. డెవలపర్ ఆప్షన్లు ఎలా తెరవాలో రెండో పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను.

అంకె నమ్మకుండా పరీక్ష చేయడం నేర్చుకుందాం. డెమో పీసు మీద యూట్యూబ్ తెరిచి ఏదో వీడియో మధ్యలో ఆపండి. క్రోమ్‌లో ఏదైనా ఈ-పేపర్ తెరిచి మూడో పేజీకి వెళ్లండి. తర్వాత ఒక పీడీఎఫ్, తర్వాత మ్యాప్స్, తర్వాత కెమెరా. ఇప్పుడు వెనక్కి రండి. ఈ-పేపర్ మూడో పేజీలోనే ఉందా, మొదటి పేజీకి పోయిందా, తెల్లగా తిరుగుతోందా? తిరుగుతోందంటే మీరు పక్కకెళ్లినప్పుడు ట్యాబ్ దాన్ని కాస్తా విదిల్చేసిందన్నమాట. కంచరపాలెం నుంచి ఒక అమ్మగారు రాశారు, ‘నేను వార్త సగం చదివి వాట్సాప్ చూసొచ్చేలోపు పేపరు మళ్లీ మొదటికొస్తోంది, ఇంట్లో వైఫై బాగాలేదంటారా?’ అని. వైఫై బాగానే ఉందమ్మా. మీ నాలుగు జీబీ చాలడం లేదు, ఆ రెండో నాలుగు ఆదుకోవడం లేదు.

అలాగని నాలుగు జీబీ ట్యాబ్ పనికిరాదని కాదు. ఇక్కడ కూడా కొందరు తొందరపడి, ‘అయితే తిరిగిచ్చేయమంటారా’ అని అడిగారు. ఏం పనికి కొన్నారో చెప్పకుండా ఇచ్చేయమని నేనెలా చెప్పను? ఒకసారికి ఒకే పని చేసే ఇంట్లో నాలుగు నడుస్తుంది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు నింపి ట్యాబులిచ్చారు, గుర్తుందా? చాలా ఇళ్లలోకి మొదటి ట్యాబ్ అలాగే వచ్చింది. అవి ఖరీదైన రకాలేం కావు. పాఠం తెరవడం, చూడడం, మూయడం, అంతవరకే వాటి పని. అంతకంటే ముందు, 2011లో ‘ఆకాశ్’ వచ్చినప్పుడు ర్యామ్ 256 ఎంబీ. తెర మీద వేలు ఆనిస్తే చాలదు, నొక్కాలి. దాంతో పోలిస్తే ఇవాళ్టి అతి చవకది కూడా పని చేసే వస్తువే. మీ పనికి చేస్తుందా అన్నదొక్కటే తేలాలి.

నా లెక్క ఇది. కూర్చుని చేసే పనులకు, అంటే చదవడం, చూడడం, పిల్లల క్లాసు, వీడియో కాల్, చవక ట్యాబ్ పెట్టిన డబ్బుకు తగినదే. ఫోన్‌కు బదులుగానో ల్యాప్‌టాప్‌కు బదులుగానో కొంటే దండగ. వైఫై ట్యాబులో సిమ్ ఉండదు కనుక యూపీఐ పని చేయదు, ఆ యాప్ మీ నంబరున్న సిమ్ నుంచి మెసేజ్ పంపి గానీ ఖాతా కట్టుకోదు. వాట్సాప్ మీ ఫోన్‌కు జోడించుకుంటే వస్తుంది. ఇవి రెండూ తెలిసే ఉంటాయి, ముందుకు పోదాం.

తెర. అంగుళాలు అందరూ చూస్తారు, చుక్కలు, అంటే బొమ్మను కట్టే పిక్సెళ్లు, ఎవరూ చూడరు. ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు అడిగేది ఎక్కువగా ఒకటే, ‘పీడీఎఫ్ మెటీరియల్ చదువుకోడానికి ఏది బాగుంటుంది?’ వాళ్ల మెటీరియలంతా ఏ4 సైజు. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 11.3 సెంటీమీటర్లు. పేజీ దాదాపు సగానికి, 54 శాతానికి కుంచించుకుపోతుంది. 11 అంగుళాలదైతే 14.8 సెంటీమీటర్లు, అంటే 70 శాతం.

దీనికి నా దగ్గరొక అడ్డదారి ఉంది. ట్యాబ్ షాపుకి కాదు, జిరాక్స్ షాపుకి వెళ్లండి. మీ మెటీరియల్‌లో ఒక పేజీ ఇచ్చి 70 శాతానికి తగ్గించి ఒకటి, 54 శాతానికి తగ్గించి ఒకటి తీయమనండి. ఏ4ని ఏ5కి తగ్గించడం వాళ్లకు రోజూ ఉండే పనే. రెండు కాగితాలూ ఇంటికి తెచ్చి, రాత్రి మీరు చదువుకునే దీపం కింద, రోజూ చదివే దూరంలో పెట్టుకుని పది నిమిషాలు చదవండి. కళ్లు లాగితే ఆ సైజు మీది కాదు. నాలుగైదు రూపాయల ఖర్చు. పదమూడు వేలు పెట్టాక తెలుసుకోవడం కంటే నయం.

జిరాక్స్ చెప్పలేనిది ఒకటుంది, అదే చుక్కల సంగతి. పెట్టె మీద 1340×800 అనో, 1920×1200 అనో ఉంటుంది. చిన్న అంకె చూడండి. నిలువుగా పట్టుకున్నప్పుడు పేజీ వెడల్పంతా ఆ అన్ని చుక్కల్లో ఇమడాలి. ఏ4 పేజీలో 11 పాయింట్ల అక్షరానికి 800 చుక్కల తెర మీద దక్కేది సుమారు 15 చుక్కల ఎత్తు. 1200 చుక్కల తెర మీద 22. ఇంగ్లీషుకు 15 సరిపోవచ్చు. మనకు ‘రాష్ట్రం’ రాయాలంటే ష కింద ట, దానికింకో ర వత్తు, ఆ పక్కనే సున్నా. అవన్నీ ఆ 15 చుక్కల్లోనే సర్దుకోవాలి. ఒత్తులు ఒకదాని మీదొకటి పడి మచ్చలా కనబడతాయి. ‘కర్తృత్వం’, ‘స్వాతంత్ర్యం’ తెరిచి చూడండి, తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు, 10.1 అంగుళాల ట్యాబ్ పెద్దది కదా, బాగా కనబడుతుందిలే అనుకోవడం. అందులో చాలావాటికి 1280×800 తెరే. పేజీకి దక్కేది అవే 800 చుక్కలు, అక్షరానికి అదే 15. మచ్చ కాస్త పెద్దదవుతుంది, అంతే. అదే సొమ్ముకు 1200 చుక్కల 11 అంగుళాలది దొరికేటప్పుడు దాన్నెందుకు కొంటారో నాకు బోధపడదు. చిన్నదే కొనేశాం అంటే అడ్డంగా తిప్పి చదవండి. 8.7 అంగుళాలది అడ్డంగా 19 సెంటీమీటర్లు వస్తుంది, పేజీ 90 శాతం సైజులో ఉంటుంది. వెడల్పుకు 1340 చుక్కలొస్తాయి కనుక ఒత్తులూ విడివిడిగా తేలతాయి. పేజీ మాత్రం సగం కూడా పట్టదు, పైకి జరుపుకుంటూ పోవాలి. నేను అలాగే చదువుతాను. చేతిలో బరువు తక్కువ, బస్సులో వీలు.

సినిమాలవాళ్లకు రెండు ముక్కలు. వైడ్‌వైన్ ఎల్1 (సినిమాలు కాపీ కాకుండా కాపాడే తాళంలో పై స్థాయి) లేని ట్యాబులో నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీలో రావు. అది ఉందో లేదో ‘డీఆర్ఎం ఇన్ఫో’ యాప్ వేస్తే చెబుతుంది. కానీ మీది నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లానైతే ఎల్1 ఉన్నా 480పీ (హెచ్‌డీ కంటే తక్కువ స్పష్టత) మించి రాదు, ప్లానే అంత. మామూలు యూట్యూబ్ వీడియోలకు దాని అవసరమే లేదు. భక్తి పాటలు, వంటలు, వార్తలు చూసే ఇంటికి ఎల్1 లేదని ట్యాబ్ వదులుకోనక్కర్లేదు.

సొమ్ము లెక్క ఒక్కటి మిగిలింది. అన్నీ కలిపి నెలలకు పంచండి. 13 వేల ట్యాబ్, 700 కవరు, మూడేళ్లు నడిచిందనుకుంటే నెలకు 380. పేరు తెలియని 7 వేల ట్యాబ్ ఏడాదికే మూల పడితే నెలకు 583. చవకది ఖరీదయ్యేది ఇక్కడే. ఎన్నాళ్లు నడుస్తుందో ముందే ఎలా తెలుస్తుందంటారా? పూర్తిగా తెలియదు. షాపులోనే సెట్టింగుల్లో ‘సెక్యూరిటీ ప్యాచ్’ (ట్యాబుకు చివరిసారి అందిన భద్రతా సవరణ) తేదీ చూడండి. ఆరు నెలలు దాటి పాతబడి ఉంటే, అప్‌డేట్ నొక్కినా ఏమీ రాకపోతే, దాన్ని కన్నవాళ్లు అప్పుడే వదిలేశారన్నమాట. బీచ్ రోడ్డు వైపు, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లు ఛార్జింగ్ రంధ్రం మీద మూత ఉన్న కవరు చూసుకోండి. మన ఉప్పుగాలికి గ్రిల్స్ ఏమవుతున్నాయో రోజూ చూస్తూనే ఉన్నారు.

అభ్యాసం. ఈసారి కొంచెం ఎక్కువే ఇస్తున్నాను, ఎవరూ కొనేసి రాకుండా.

వారం రోజులు మీ ఫోన్ చూడండి. కూర్చుని, రెండు చేతులూ ఖాళీగా ఉండి, అరగంటకు మించి ఏం చేశారో ఏ రోజుకారోజు రాయండి. నిలబడి చేసినవి, బండి ఆపి చేసినవి, వంటింట్లో ఒక చేత్తో చేసినవి లెక్కలోకి రావు. వారం చివర రోజుకి సగటు గంట కూడా రాకపోతే మిగతా అభ్యాసం మీకక్కర్లేదు, ట్యాబ్ కూడా అక్కర్లేదు.

గంట దాటినవాళ్లు డైమండ్ పార్క్ దగ్గరో జగదాంబలోనో మూడు డెమో పీసులు చూడండి. ఒక్కోదానికి ఈ వివరాలు రాయాలి: సెట్టింగుల్లో ‘ప్లస్’కు ముందున్న ర్యామ్ అంకె, తెర కొలతలో చిన్న అంకె, సెక్యూరిటీ ప్యాచ్ నెల, ఈ-పేపర్ పరీక్షలో మూడో పేజీ నిలిచిందా లేదా. ‘రాష్ట్రం’ అన్న మాట ఏ4 పీడీఎఫ్‌లో నిలువుగా ఎలా కనబడిందో కూడా ఒక ముక్క. డెమో పీసు పెట్టని షాపులో కొనకండి.

ధర చివరి గడిలో రాయండి. షాపు కుర్రాడు చెప్పిన ర్యామ్ అంకె పంపితే ఆ కాగితం దిద్దను.