టీవీలో మాటలు తెలియడం లేదా? సౌండ్‌బార్ కొనే ముందూ, కొన్నాకా చూసుకోవాల్సినవి

సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టుకునే పొడవాటి స్పీకర్) కొనాలనుకునేవాళ్లు చాలామంది ముందు అడిగేది "ఎన్ని వాట్లది తీసుకోవాలి?" అనే. నన్నడిగితే వాట్ల సంగతి చివర్లో చూసుకోవచ్చు. టీవీ ముందు కూర్చున్నప్పుడు మీ ఇంట్లో సరిగ్గా ఏది ఇబ్బంది పెడుతోందో ముందు తేల్చుకోండి. మాట తెలియకపోవడం వేరు, సౌండ్ చాలకపోవడం వేరు, పాటలో బేస్ లేకపోవడం వేరు. మూడింటికీ ఒకటే మందు అనుకుని కొంటే, పదిహేను వేలు పోసినా అమ్మ చేతిలో రిమోట్ వాల్యూమ్ పెంచుతూ తగ్గిస్తూనే ఉంటుంది.

"ఫైట్లకు ఇల్లదిరిపోతుంది, మాటలు మాత్రం తెలియవు"

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కారణం టీవీలో ఉండొచ్చు, సినిమాలో ఉండొచ్చు, మీ హాల్లోనే ఉండొచ్చు. తరచుగా మూడూ కలిసే ఉంటాయి.

టీవీలు సన్నబడేకొద్దీ స్పీకర్లకు చోటు లేకుండా పోయింది. పాత డబ్బా టీవీల్లో స్పీకర్ మన వైపు చూస్తూ ఉండేది. ఇప్పుడు చాలా టీవీల్లో అడుగు అంచున నేలచూపు చూస్తూనో, వెనక గోడవైపు తిరిగో ఉంటుంది. మాట ముందు టీవీ యూనిట్ పలకకో గోడకో కొట్టుకుని, ఆ తర్వాత మన దాకా వస్తుంది. మామూలు టీవీల్లో చాలావాటికి రెండు స్పీకర్లూ కలిపి సుమారు 20 వాట్లే ఉంటాయి.

సినిమా సౌండేమో థియేటర్‌ను దృష్టిలో పెట్టుకుని చేస్తారు. 5.1 మిక్స్‌లో, అంటే ఐదు స్పీకర్లకూ ఒక బేస్ స్పీకర్‌కీ పంచిన సౌండ్‌లో, డైలాగు చాలావరకు మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్‌కి ఇచ్చి, సంగీతాన్నీ హోరునీ పక్కలకూ వెనక్కీ పంచుతారు. టీవీకి సెంటర్ లేదు కాబట్టి అంతటినీ రెండు స్పీకర్లలోకే కుక్కుతుంది. దాంతో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ డైలాగు మీదెక్కి కూర్చుంటుంది.

ఇక హాలు. నున్నటి టైల్స్, బోసి గోడలు, గాజు కిటికీలు, పైన ఐదులో తిరిగే ఫ్యాను. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి వినండి. 'టప్' అని అక్కడే ఆగిపోతే మంచిదే. వెనకాల చిన్న మోత మిగిలితే మాత్రం, మీ గదిలో ప్రతి అక్షరమూ అలాగే సాగి తర్వాతి అక్షరం మీద పడుతోందని అర్థం. మందపాటి కర్టెన్లు, సోఫా ముందు ఒక తివాచీ వేసి మళ్లీ చప్పట కొట్టండి, తేడా మీకే తెలుస్తుంది. ఏ సౌండ్‌బార్ అయినా ఈ గదిలోనే మోగాలి కదా, అందుకే దీన్ని వదిలిపెట్టొద్దంటాను.

ఇప్పుడు కారణం ఏదో తేల్చే పరీక్ష. మీరు రోజూ కూర్చునే చోటే కూర్చుని, ఫ్యాను ఆపి, ఏదైనా న్యూస్ ఛానల్ పెట్టండి. స్టూడియోలో ఒక్కరే వార్తలు చదువుతున్నప్పుడు వినండి. ఆ మాట స్పష్టంగా ఉండి సినిమా మాట మాత్రమే తెలియకపోతే తప్పు మిక్స్‌దో సెట్టింగ్స్‌దో. వార్తలు కూడా ముద్దగా వినిపిస్తే టీవీ స్పీకర్లదో గదిదో. ఇంట్లో అందరికీ తెలిసి ఒక్కరికే తెలియకపోతే అది వేరే సంగతి, కింద చెబుతాను.

సెట్టింగ్స్‌తో పోయేదైతే పైసా ఖర్చు లేదు. ఓటీటీలో సినిమా నడుస్తుండగా ఆడియో మెనూ తెరిచి, తెలుగు 5.1 అని ఉంటే దాని బదులు మామూలు తెలుగు స్టీరియో ట్రాక్ ఎంచుకోండి. ఉన్నవి రెండే స్పీకర్లయితే 5.1 ట్రాక్ వల్ల లాభం లేదు. టీవీ సౌండ్ మెనూలో సరౌండ్ ఆపేసి, క్లియర్ వాయిస్, స్పీచ్, న్యూస్ లాంటి పేరున్న మోడ్ పెట్టండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఆటో వాల్యూమ్ గానీ నైట్ మోడ్ గానీ ఉంటే ఆన్ చేయండి. పెద్ద శబ్దాలను తొక్కి, చిన్న శబ్దాలను లేపడమే దాని పని. సెట్‌టాప్ బాక్స్‌కి సొంత వాల్యూమ్ ఉంటే దాన్ని నిండా పెంచి, ఎక్కువ తక్కువలు టీవీ దగ్గరే చేసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా మాట తేలకపోతే అప్పుడు సౌండ్‌బార్ కొనండి. కొనేటప్పుడు పెట్టె మీద మొదట చదవాల్సింది ఛానళ్ల అంకె. 2.1 అంటే ఎడమ, కుడి, ఒక సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్). 3.1 అంటే వాటితోపాటు సెంటర్ విడిగా ఉన్నట్టు. 5.1 అయితే వెనక స్పీకర్లు కూడా. మాటలే మీ బాధ అయితే ఆ మొదటి అంకె 3 గానీ అంతకు మించి గానీ ఉండాలి. చవకగా వస్తోందని పెద్ద సబ్‌వూఫర్ ఉన్న 2.1 తెచ్చుకుంటే ఒక్కోసారి పరిస్థితి ఇంకా చెడుతుంది. మాటలో అచ్చులు ఎలాగూ బలంగానే వినిపిస్తాయి, జారిపోయేవి హల్లులే. స, శ, ట, క లాంటివాటిని గుర్తుపట్టించే శబ్దం ఎక్కువగా 2 వేల హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. బేస్ హోరు వాటిని కప్పేస్తే 'కట్టు' కాస్తా 'పట్టు' అవుతుంది. అలాగే, సెంటర్ విడిగా ఉన్న బార్‌లో సెంటర్ లెవెల్ ఒక్కదాన్నే పెంచుకునే వీలుందో లేదో కూడా అడగండి. అది ఉంటే డైలాగును రెండు మూడు మెట్లు లేపి, మిగతా హోరును ఉన్నచోటే ఉంచొచ్చు.

షాపులో వాళ్లు పెట్టే డెమో వీడియో వద్దనండి. హెలికాప్టర్లూ పేలుళ్లూ ఏ బార్‌లోనైనా బాగానే ఉంటాయి. ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను మీ ఫోన్లోంచి పెట్టించుకుని, ఎనిమిది అడుగుల దూరం జరిగి వినండి.

"మాకందరికీ వినిపిస్తుంది, నాన్నగారికి మాత్రం తెలియదు"

వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు పై స్థాయి శబ్దాల దగ్గర మొదలవుతుంది. అంటే పోయేది మళ్లీ ఆ హల్లులే. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదురా" అంటారు పెద్దవాళ్లు. ఆ మాట అక్షరాలా నిజం, దయచేసి విసుక్కోకండి. వాల్యూమ్ పెంచితే అచ్చులు ఇంకా గట్టిగా మోగుతాయి, హల్లులు మాత్రం అంతగా తేలవు. వాయిస్ మోడ్ పెట్టి, ట్రెబుల్ కాస్త పెంచి, బేస్ తగ్గిస్తే కొంత మేలు. బ్లూటూత్ ఉన్న టీవీ అయితే వారికొక హెడ్‌ఫోన్ ఇవ్వొచ్చు. టీవీ స్పీకరూ హెడ్‌ఫోనూ రెండూ ఒకేసారి మోగే వీలు అన్ని టీవీల్లో ఉండదు, ముందు మెనూలో చూసుకోండి. అన్నిటికంటే ముందు ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. తగ్గినది చెవి అయితే, సౌండ్‌బార్ కొనడం ఆ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

"బిగించాం, లైట్ వెలుగుతోంది, శబ్దం మాత్రం రాదు"

టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలున్నా, సౌండ్ బయటికి పంపేది సాధారణంగా ఒక్కటే. దాని పక్కన ఏఆర్‌సీ (ARC) అనో ఈఏఆర్‌సీ (eARC) అనో రాసి ఉంటుంది. గోడకు బిగించిన టీవీ అయితే ఫోన్ కెమెరా వెనక్కి పెట్టి ఫోటో తీసి చదవండి. సౌండ్‌బార్ వైపు కూడా ఆ పేరున్న దాంట్లోనే గుచ్చాలి. ఏఆర్‌సీ 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది కాబట్టి మరీ పాత టీవీ కాకపోతే ఉండే అవకాశమే ఎక్కువ.

వైరు సరిగ్గానే ఉంటే, టీవీ మెనూలో హెచ్‌డీఎంఐ సీఈసీ (టీవీ, బార్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూడండి. శాంసంగ్‌లో దీన్ని ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్‌లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ అంటారు. తర్వాత సౌండ్ అవుట్‌పుట్‌ను టీవీ స్పీకర్ నుంచి ఏఆర్‌సీకి మార్చండి. అయినా రాకపోతే టీవీ, బార్ రెండింటి ప్లగ్గులూ గోడలోంచి పీకి, రెండు నిమిషాలాగి, ముందు టీవీ తర్వాత బార్ ఆన్ చేయండి. రిమోట్‌తో ఆపడం సరిపోదు, ప్లగ్గే తీయాలి.

హెచ్‌డీఎంఐ బదులు ఆప్టికల్ వైరు (సౌండ్‌ను వెలుగుగా పంపే సన్నటి వైరు) వాడితే ఒక చిన్న సంగతి. కొత్త వైరు రెండు కొనలకూ గింజంత ప్లాస్టిక్ తొడుగులుంటాయి. పారదర్శకంగా ఉండటంతో కంటికి ఆనవు, వాటితోపాటే గుచ్చేస్తుంటారు. తొడుగు తీసి, ఒక కొన టీవీకి పెట్టి, రెండో కొన చూడండి. ఎర్రటి చుక్క వెలుగు కనబడితే టీవీ నుంచి సౌండ్ వస్తున్నట్టే.

ఆ వెలుగుండీ నిశ్శబ్దమో చిటపటలో అయితే, టీవీ డాల్బీ అనే కుదించిన ఫార్మాట్‌లో పంపుతుండొచ్చు, బార్‌కి ఆ భాష రాకపోవచ్చు. టీవీ మెనూలో డిజిటల్ ఆడియో ఫార్మాట్‌ను పీసీఎంకి (కుదించని మామూలు డిజిటల్ సౌండ్‌కి) మార్చండి. మాట పలుకుతుంది, కానీ పీసీఎం ఆప్టికల్‌లో రెండు ఛానళ్లకే పరిమితం. బార్‌కి డాల్బీ తెలిసి ఉంటే ఆటో గానీ పాస్‌త్రూ (వచ్చిన సౌండ్‌ను మార్చకుండా అలాగే పంపడం) గానీ ఉంచడమే మేలు.

"పెదాలు ముందు కదులుతాయి, మాట తర్వాత వస్తుంది"

బ్లూటూత్‌తో కలిపారా? అయితే కారణం దొరికినట్టే. శబ్దాన్ని కుదించి పంపి, అవతల మళ్లీ విప్పేసరికి సెకనులో పదో వంతుకు పైనే ఆలస్యం కావచ్చు. పాటలకు ఫరవాలేదు, సినిమాకు పనికిరాదు. వైరు వేయండి.

వైరు మీద కూడా తేడా ఉంటే ఏవీ సింక్ అనో ఆడియో డిలే అనో ఒక సెట్టింగ్ ఉంటుంది. అది మాటను వెనక్కి జరపగలదు గానీ ముందుకు లాగలేదు. కాబట్టి మాట ముందొస్తుంటే దాన్ని పెంచండి, వెనకబడుతుంటే సున్నాకు తెచ్చి, ఫార్మాట్ పీసీఎంకి మార్చి చూడండి. ఒక్క ఛానల్లోనే తేడా అయితే అది ప్రసారంలోని లోపం, మీరు చేయగలిగింది లేదు. ఈ పరీక్షకు డబ్బింగ్ సినిమా అస్సలు పెట్టకండి. తమిళ పెదాల మీద తెలుగు మాట ఏ సెట్టింగ్‌తోనూ కుదరదు. తెలుగు న్యూస్ రీడర్ ముఖం చూస్తూ సరిచేసుకోండి.

"గుయ్‌మని ఒకటే మోత"

టీవీ ఆపినా స్పీకర్లలో సన్నగా మోగుతుంటే, ఎర్తింగ్ సరిగా లేకపోవచ్చు, లేదా కేబుల్ వైరుకూ కరెంటు ఎర్త్‌కూ మధ్య తిరకాసు ఉండొచ్చు. సెట్‌టాప్ బాక్స్ వెనక తిప్పి బిగించే గుండ్రటి కేబుల్ వైరును ఒక్క నిమిషం విప్పండి. మోత ఆగిపోతే దొంగ దొరికినట్టే. టీవీ, బాక్స్, బార్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. పోకపోతే టీవీకీ బార్‌కీ మధ్య ఆప్టికల్ వేయండి, అందులో వెళ్లేది వెలుగు కాబట్టి ఈ గొడవ ఆ దారిన రాదు. మోత పోతుందని ఎవరు చెప్పినా త్రీపిన్ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. అది ప్రాణాలకు కాపలా.

"బేస్ ఎక్కువై కిందింటివాళ్లు తలుపు కొడుతున్నారు"

సబ్‌వూఫర్‌ను మూల నుంచి బయటికి జరపండి. గది మూల బేస్‌ను బాగా పెంచుతుంది. షోకేసు అరలో గానీ సోఫా వెనక ఇరికించి గానీ పెట్టొద్దు. కింద దళసరి రబ్బరు మ్యాట్ వేయండి. రాత్రి తొమ్మిది దాటాక సబ్‌వూఫర్ లెవెల్ తగ్గించండి. అమెరికాలో చెక్క ఫ్లోరింగ్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ పడతారు, వాళ్లకు విడి సబ్‌వూఫర్ లేని బారే నయం.

"అట్మాస్ అన్నారు, పైనుంచి ఏమీ వినపడదు"

అట్మాస్ అంటే పైనుంచి కూడా శబ్దం వస్తున్నట్టు వినిపించే డాల్బీ పద్ధతి. 5.1.2 అన్నప్పుడు ఆ చివరి 2 పైకి చూసే స్పీకర్ల లెక్క. అవి శబ్దాన్ని శ్లాబ్‌కి కొట్టి కిందకి తెప్పిస్తాయి. శ్లాబ్ చదునుగా, మరీ ఎత్తు లేకుండా ఉండాలి. పెంకుటింట్లోనో, వాలు రేకుల కిందో అది జరగదు. చివరి అంకె లేకుండా అట్మాస్ అని మాత్రమే రాసి ఉంటే ఆ పైస్పీకర్లు ఉండవు, ఉన్నట్టు భ్రమ కల్పిస్తుందంతే. ఆప్టికల్ మీద అట్మాస్ రాదు. ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌కి ఏఆర్‌సీ చాలు, బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీకే (డాల్బీలో నాణ్యత తగ్గించని రకానికే) ఈఏఆర్‌సీ కావాలి. ఒకే ధరలో అట్మాస్ పేరున్న 2.1, ఏ పేరూ లేని 3.1 ఎదురైతే నేను కళ్లు మూసుకుని 3.1 తీసుకుంటాను.

ఇక వాట్లు

ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల పవర్) అని రాసి ఉన్న అంకెనే నమ్మండి, పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం పేరిట పెంచి చూపే) లెక్కలను పట్టించుకోకండి. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే (శబ్దాన్ని కొలిచే లెక్క), అంటే చెవికి కాస్త తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి. అందుకే 200 వాట్లకూ 300 వాట్లకూ మధ్య తేడా కోసం డబ్బు పోయకండి.

దానికంటే టేపు పట్టుకుని కొలుచుకోవడం ముఖ్యం. 43 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, 55 అంగుళాలది సుమారు 122. బార్ అంతకంటే పొడవుండకూడదు. టీవీ కాళ్ల మధ్య పడుతుందా, ఎత్తు ఎక్కువై టీవీ కింద రిమోట్ సిగ్నల్‌ను అందుకునే చోటును కప్పేస్తుందా అన్నదీ చూడండి. షోకేసు లోపలి అరలో పెట్టొద్దు, ముందు అంచుకు తెచ్చి పెట్టండి.

ఇంటికొచ్చిన రోజే సెట్‌టాప్ బాక్స్, ఓటీటీ, యూట్యూబ్ మూడింటి మీదా మాట విని చూడండి. మార్చుకునే గడువు తీరేదాకా అట్టపెట్టె, థర్మోకోల్, వైర్ల కవర్లతో సహా అటక మీద ఉంచండి.