మాంసం కాల్చిన పెనంలోనే పాన్ సాస్ ఎలా చేయాలి?

పెద్ద మంట మీద మాంసం ముక్కను ఎర్రగా కాల్చి తీశాక పెనం అడుగున జేగురు రంగు పొర అంటుకుని ఉంటుంది. చాలామంది దాన్ని నానబెట్టి తోమేస్తారు. దయచేసి తోమకండి. పాన్ సాస్‌కు, అంటే ఆ పొరను కరిగించి చేసే చిక్కటి రసానికి, కావలసిన రుచంతా అక్కడే ఉంది. వేడికి మాంసంలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి ఆ రంగునూ వాసననూ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయ్యార్ 1912లో వివరించిన చర్య ఇదే.

అందుకే స్టీలు పెనమో ఇనుప పెనమో వాడండి. నాన్‌స్టిక్‌కు పెద్దగా ఏమీ అంటదు కనుక సాస్ చప్పగా వస్తుంది. కాల్చే ముందు ముక్కను తడి లేకుండా పొడి గుడ్డతో అద్దాలి, తడి ఉంటే కాలదు, ఉడుకుతుంది.

ఇద్దరికి: సన్నటి ఉల్లి తరుగు 2 టేబుల్ స్పూన్లు, ఉప్పు లేని స్టాక్ (ఎముకలు మరిగించి వడకట్టిన రసం) 1 కప్పు (240 మి.లీ.), చల్లటి వెన్న 30 గ్రాములు, నిమ్మరసం 1 టీస్పూను. అన్నీ చేతికందేలా ముందే పెట్టుకోండి, మొదలయ్యాక వెతుక్కునే తీరిక ఉండదు.

మొదట ముక్కను పళ్లెంలోకి తీసి, పెనంలో స్పూనెడు కొవ్వు ఉంచి మిగిలింది వంపేయండి. అడుగు రంగు చూడండి. బొగ్గులా నల్లబడితే ఆ పెనంలో సాస్ వద్దు. ఎంత వెన్న వేసినా ఆ చేదు పోదు.

మధ్యస్థ మంట మీద ఉల్లి తరుగును ఒక్క నిమిషం మెత్తబడనివ్వండి.

తర్వాత స్టాక్ పోయండి. సుయ్‌మంటుంది. వెంటనే చెక్క తెడ్డుతో అడుగంతా గీకండి, పొర కరిగి రంగు దిగుతుంది. వైన్ ఇష్టమైతే పెనాన్ని మంట మీంచి తీసి పావు కప్పు పోసి, మళ్లీ పొయ్యి మీద పెట్టి దాదాపు ఇగిరిపోయాక స్టాక్ చేర్చండి.

మంట పెంచి సగానికి ఇగరబెట్టండి. పెనం వెడల్పును బట్టి 3 నుంచి 5 నిమిషాలు పడుతుంది. తెడ్డుతో అడుగున గీత గీస్తే ఆ దారి క్షణంపాటు నిలవాలి. పళ్లెంలో మాంసం నుంచి ఊరిన రసాన్నీ ఇందులోనే పోసేయండి. ఉప్పు మాత్రం ఇప్పుడే వద్దు, నీరు సగమైతే ఉప్పదనం రెట్టింపవుతుంది. ఇంట్లో ఎముకలు మరిగించిన స్టాక్‌లో జిలటిన్ (ఎముకల నుంచి దిగే జిగురులాంటి పదార్థం) ఉంటుంది కాబట్టి అది తనంతట తానే చిక్కబడుతుంది. ప్యాకెట్ స్టాక్ పలచన. దానికి టీస్పూను రుచిలేని జిలటిన్ పొడిని చల్లటి స్టాక్‌లో ముందే నానబెట్టుకోండి. పిండి కలపడం నాకు నచ్చదు, అది మాంసం రుచిని కప్పేస్తుంది.

ఎక్కువమంది చెడగొట్టేది వెన్న దగ్గరే. పొయ్యి కట్టేయండి, మరుగు ఆగనివ్వండి. అప్పుడు చల్లటి వెన్నను ముక్కలుగా వేస్తూ పెనాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉండండి. నెమ్మదిగా కరిగితే కొవ్వు సన్నటి బిందువులుగా రసంలో కలిసి సాస్ నిగనిగలాడుతుంది. మరుగుతుండగా వేస్తే విడిపోయి పైన నూనె తేలుతుంది. అలా అయినా పారేయకండి, స్పూనెడు నీళ్లు పోసి గట్టిగా గిలకొడితే చాలాసార్లు తిరిగి కలుస్తుంది.

ఇప్పుడు నిమ్మరసం పిండి, రుచి చూసి, ఉప్పు వేయండి. వెంటనే వడ్డించాలి, మళ్లీ వేడి చేస్తే వెన్న విడిపోతుంది. కాల్చిన పైపొర కరకర పోకూడదంటే సాస్‌ను ముందు పళ్లెంలో పోసి, దాని మీద ముక్క పెట్టండి.