విడిగా ఉంటున్నప్పుడు బిడ్డతో రాష్ట్ర సరిహద్దు దాటి వెళ్లాలంటే ఏం చేయాలి?

పర్లాకిమిడిలో కాపురం, పాతపట్నంలో పుట్టిల్లు. బరంపురంలో ఉద్యోగం, ఇచ్ఛాపురంలో అమ్మానాన్నలు. రాయగడలో అత్తవారు, పార్వతీపురంలో తోబుట్టువులు. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల్లో ఇవి సర్వసాధారణం. అందుచేత భార్యాభర్తలు విడిగా ఉండవలసి వచ్చినప్పుడు బిడ్డను వెంటబెట్టుకుని అవతలి ఊరికి వెళ్లిపోవడం పెద్ద నిర్ణయంగా తోచదు. కానీ బస్సు దిగేసరికి రాష్ట్రం మారిపోతుంది. దానితోపాటు పోలీసు స్టేషను, జిల్లా కోర్టు, హైకోర్టు, కాగితాలు నడిచే భాష కూడా మారతాయి. అవతలివారు, అంటే విడిగా ఉంటున్న భర్త గాని భార్య గాని, ఒప్పుకోకపోయినా వెళ్లక తప్పని పరిస్థితులు ఉంటాయి. అటువంటప్పుడు కదలడం కంటే, కదిలిన సంగతిని దాచిపెట్టడమే తర్వాత కోర్టులో ఎక్కువ నష్టం చేస్తుందని గుర్తుంచుకుని అడుగులు వేయాలి.

ముందుగా: కోర్టు ఉత్తర్వు ఏదైనా ఉందా?

బయలుదేరే ముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి ఇదే. బిడ్డ సంరక్షణ గురించి ఏ కోర్టులోనూ కేసు లేకపోతే, తల్లి గాని తండ్రి గాని బిడ్డతో మరో ఊళ్లో ఉండడాన్ని నేరుగా నిషేధించే చట్టం లేదు. హిందువులకు వర్తించే 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 6వ సెక్షన్ తండ్రిని, ఆయన తర్వాత తల్లిని సహజ సంరక్షకులుగా చెబుతూనే, ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని అంటుంది. తండ్రి బతికి ఉన్నా, బిడ్డ బాధ్యత పట్టించుకోని పరిస్థితిలో తల్లే సహజ సంరక్షకురాలు కావచ్చునని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. కన్నవారిలో ఒకరు బిడ్డను తీసుకెళ్లారన్న ఫిర్యాదుపై, కోర్టు ఉత్తర్వు లేనప్పుడు, కిడ్నాప్ కేసు సాధారణంగా నిలవదు. అయితే ఐదేళ్ల నిబంధనను తిరుగులేని హక్కుగా భావించకూడదు. ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికంటే ముందు చూసేది బిడ్డ క్షేమాన్నే.

కేసు నడుస్తున్నట్లయితే, ఆ కోర్టులోనే అనుమతి కోరుతూ పిటిషన్ వేసి, ఉత్తర్వు వచ్చాకే కదలాలి. సంరక్షకులుగా కోర్టు నియమించినవారు దాని అనుమతి లేకుండా బిడ్డను ఆ కోర్టు పరిధి దాటించకూడదని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 26వ సెక్షన్ చెబుతోంది. కోర్టు అధికారానికి అందకుండా చేసే ఉద్దేశంతో ఆ పని చేసినవారికి 44వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని ఆరు నెలల వరకు సివిల్ జైలు గాని పడవచ్చు. జరిమానా నూట ముప్పై ఏళ్ల కిందటిదే కనుక చిన్నదిగా కనిపిస్తుంది. ఉత్తర్వును ఖాతరు చేయని మనిషిగా జడ్జి దృష్టిలో పడడం అంతకంటే ఖరీదైన సంగతి.

ఇంట్లో హింస ఉన్నట్లయితే

కోర్టు అనుమతి కోసం గాని, కింద చెప్పబోయే ఉత్తరం రాయడం కోసం గాని ఆగవద్దు. ముందు బిడ్డతో క్షేమంగా బయటపడండి. అత్యవసరమైతే 112కు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు; జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి, వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా 2005 నాటి గృహ హింస చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసి, అందులోనే 21వ సెక్షన్ కింద బిడ్డ తాత్కాలిక కస్టడీని కూడా కోరండి. మీరు ప్రస్తుతం తలదాచుకున్న ఊరిలోనే, అది తాత్కాలికమైనా సరే, ఈ దరఖాస్తు వేసే వీలుంది. ఇటువంటి పరిస్థితిలో అవతలివారికి మీ చిరునామా తెలపనవసరం లేదు. చెప్పవలసినదంతా వకీలు ద్వారా చెప్పించండి.

ఏ కోర్టుకు వెళ్లాలి?

సరిహద్దులో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం కస్టడీ పిటిషన్ బిడ్డ మామూలుగా నివసించే చోటి కోర్టులో పడాలి. ఐదేళ్లుగా పర్లాకిమిడిలో పెరిగి అక్కడే బడికి వెళుతున్న పిల్లవాణ్ని పది రోజుల కిందట టెక్కలికి తీసుకొచ్చినంత మాత్రాన అతని నివాసం శ్రీకాకుళం జిల్లాకు మారిపోదు. అవతలివారు గజపతి జిల్లా కోర్టులోనే పిటిషన్ వేస్తే, మీరు అక్కడికే హాజరు కావలసి రావచ్చు. భరణం దరఖాస్తును మాత్రం భార్య తానున్న చోట వేయవచ్చు. హిందూ వివాహ చట్టం కింద విడాకుల పిటిషన్‌ను కూడా 2003 సవరణ తర్వాత భార్య తానున్న చోటే వేయగలుగుతోంది. అందుకే ఒకే కుటుంబం గొడవ రెండు రాష్ట్రాల్లో రెండు కేసులుగా నడవడం కద్దు. ఒక రాష్ట్రపు కోర్టు నుంచి మరో రాష్ట్రపు కోర్టుకు కేసు బదిలీ కావాలంటే సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ఆ దారి పట్టకముందే వకీలుతో కూర్చుని ఏ పిటిషన్ ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవడం మంచిది.

వెళ్లాక రాయవలసిన ఉత్తరం

హింస లేని సందర్భంలో, చేరిన రెండు మూడు రోజుల్లోనే అవతలివారికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి, రసీదును, నకలును దాచుకోండి. అదే సంగతిని వాట్సాప్‌లో కూడా పంపండి. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"మన పాపతో నేను ఈ నెల 10వ తేదీ నుంచి పాతపట్నంలో మా నాన్నగారింట్లో ఉంటున్నాను. పాప ఆరోగ్యంగా ఉంది. మీరు ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు పాపను కలవవచ్చు. రోజూ రాత్రి ఏడున్నరకు వీడియో కాల్ చేయవచ్చు. బడి మార్చే విషయం మీతో మాట్లాడాకే నిర్ణయిస్తాను."

ఇంతే చాలు. అత్తగారి మీద ఫిర్యాదులు, నగల లెక్కలు ఇందులో రాయవద్దు. ఈ కాగితాన్ని రేపు జడ్జి చదువుతారు. బిడ్డను దాచలేదని, తల్లిదండ్రుల్లో రెండోవారికి దూరం చేయలేదని చూపించే సాక్ష్యం ఇదే అవుతుంది. రాసిన మాట మీద నిలబడాలని వేరే చెప్పనక్కరలేదు.

అనుమతి పిటిషన్‌లో ఏం చూపాలి?

ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో ఒక పేరాలో చెప్పి, మిగతాదంతా బిడ్డ గురించే రాయించండి: ఎవరింట్లో ఉంటుంది, మీరు పనికి వెళ్లినప్పుడు ఎవరు చూసుకుంటారు, ఏ బడి, ఏ మాధ్యమం, రెండోవారు ఎప్పుడెప్పుడు కలుస్తారు, సెలవులు ఎలా పంచుకుంటారు. దూరం తక్కువ కావడం మీకు అనుకూలమైన సంగతి, దాన్ని గట్టిగా చెప్పండి. ఒడియాలో చదువుతున్న బిడ్డను ఏడాది మధ్యలో తెలుగు మాధ్యమానికి మారుస్తామంటే కోర్టు ప్రశ్నిస్తుంది; పరీక్షలయ్యేదాకా ఆగుతామన్న మాట అక్కడ బాగా పనిచేస్తుంది. కాస్త ఊహ తెలిసిన పిల్లలైతే జడ్జి తన చాంబర్‌లో వారితో నేరుగా మాట్లాడవచ్చు. అందుకోసం పిల్లలకు మాటలు నేర్పి పంపడం మానుకోవాలి. అవి అప్పచెప్పిన మాటలని తెలుసుకోవడం జడ్జికి పెద్ద కష్టం కాదు.

బడి, పంచాయితీ, అవతలివారి కేసు

ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు, 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఆపకూడదు.

మన వైపు ముందుగా పెద్దమనుషుల పంచాయితీ జరగడం, స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించడం మామూలే. ఆ కాగితం రాజీకి ఆధారంగా పనికొస్తుంది గాని, కోర్టును కట్టిపడేయదు. నిజంగా రాజీ కుదిరితే దాన్ని లోక్ అదాలత్‌లో నమోదు చేయించండి. అక్కడి అవార్డుకు, అంటే అక్కడ ఇచ్చే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది.

అవతలివారు మీకు తెలియకుండా ఉత్తర్వు తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే, వారు పిటిషన్ వేసే అవకాశమున్న కోర్టులో, మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని ముందే కోరే కేవియట్ దాఖలు చేయండి. అది 90 రోజులు పనిచేస్తుంది. వారు హైకోర్టులో, బిడ్డను కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు కూడా. కన్నవారి మధ్య వివాదంలోనూ బిడ్డను ఉంచుకోవడం చట్టవిరుద్ధమైతే అది చెల్లుతుందని సుప్రీంకోర్టు 2019లో తేజస్విని గౌడ్ కేసులో చెప్పింది. నోటీసులో చెప్పిన రోజున బిడ్డతో సహా హాజరు కండి, గైర్హాజరు కావద్దు.

వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. తెలుగు కాగితాలను ఒడిశా కోర్టులో దాఖలు చేయవలసి వస్తే అనువాదం అడుగుతారు కనుక, జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, బడి కాగితాల ప్రతులతో పాటు అనువాదాలను కూడా ముందే సిద్ధం చేయించుకోండి. అనుమతి ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని, ఒకటి బడిలో ఇచ్చి, ఒకటి ప్రయాణాల్లో వెంట ఉంచుకోండి.