డ్రయర్ పెద్దాయన సెలవు పెడితే నూక ఎందుకు పెరిగింది?

నేను బాయిల్డ్ రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. మిషన్ పాడైతే మెకానిక్‌ని పిలుస్తాం. పని తెలిసిన మనిషి మానేస్తే ఎవర్ని పిలవాలి? మాకు ఎదురైనవి రాస్తున్నా.

సమస్య: ఒక్కరు రాకపోతే సరుకు చెడుతోంది

ఉడికించిన వడ్లను ఆరబెట్టే డ్రయర్ చూసే పెద్దాయన కూతురి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టాడు. ఆ పది రోజులూ నూక ఎక్కువొచ్చింది. ఊక తీసే షెల్లర్ రబ్బరు రోల్స్ మార్చాం, తవుడు తీసే పాలిషర్ విప్పి చూశాం. అక్కడేం తేడా లేదు.

కారణం: కొత్త కుర్రాడు చార్టులో ఉన్నట్టే 14 శాతం తేమ వచ్చేదాకా ఏకబిగిన ఆరబెట్టాడు. పెద్దాయనైతే 17 దగ్గర వేడిగాలి ఆపి, వడ్లను కొన్ని గంటలు అలాగే వదిలేసి, మళ్లీ మొదలుపెడతాడు. ఆపకుండా ఆరబెడితే గింజ పైన ఎండిపోయి, లోపల తేమ మిగిలి, పగుళ్లిస్తుంది. ఆ పగులు డ్రయర్ దగ్గర కనపడదు, పాలిషర్‌లో నూకై బయటపడుతుంది. "చార్టులో ఎందుకు రాయించలేదు బాబాయ్?" అంటే, "ఇది కూడా రాయాలా?" అన్నాడు.

పరిష్కారం: "మీ పని చెప్పండి" అంటే చార్టులో ఉన్నదే చెబుతారు. పక్కన నిలబడి, చెయ్యి ఆగిన చోటల్లా "ఇప్పుడెందుకు ఆపారు?" అనండి. "ఏ రోజు ఇలా చేయరు?" అని కూడా అడగండి. వాన ముసురు పట్టిన రోజు ఆయన వేరేగా చేస్తాడన్న సంగతి మాకు అలాగే బయటికొచ్చింది. ఆయన నాలుగు గింజలు అరచేతుల్లో నలిపి, ఊక ఊదేసి, కొరికి చూస్తాడు. వీడియో తీశాం కానీ, పంటి కింద తెలిసేది వీడియోలో ఏం తెలుస్తుంది? అందుకే కుర్రాడి చేత కొరికించి, తేమ ఎంతుందో చెప్పించి, ఆ తర్వాతే మీటరు పెట్టాం. నెల తిరిగేసరికి అంచనా కుదిరింది.

సమస్య: రాసిపెట్టినా ఎవరూ చూడరు

పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంటే పనేమో డ్రయర్ దగ్గర. ఒక్కో తిప్పలకు ఒక్క పేజీ రాసి, మిషన్ పక్కనే మేకుకు తగిలించండి. పెన్ను కూడా కట్టండి, దిద్దుకుంటారు. కాగితం ఒక్కటే చాలదు లెండి. 1960ల నాటి చంద్రయాత్ర రాకెట్ ఇంజన్ ఎఫ్-1 డ్రాయింగులు నాసా దగ్గర ఉన్నాయి. అయినా అప్పటి పనివాళ్లు చేత్తో చేసిన చిన్నచిన్న సర్దుబాట్లు వాటిలో లేక, తర్వాతి తరం ఇంజనీర్లు పాత ఇంజన్నే విప్పి చూసుకున్నారు.

సమస్య: తెలిసినవాళ్లు చెప్పరు

నేర్పితే తమని తీసేస్తారని భయం. అది పొగరు కాదు, చాలాచోట్ల జరిగేదే. శాలువా కప్పితే పోదు. నేర్పే పనికి జీతంలో కలపండి.

సమస్య: పని తెలిసినాయన వచ్చే నెలే మానేస్తున్నారు

అంతా పట్టుకోవాలని చూడకండి. ఏడాదిలో అర్ధరాత్రి ఆయనకు ఎందుకెందుకు ఫోన్ చేశారో రాసి, ముందు అవే నేర్చుకోండి. మా డ్రయర్ పెద్దాయన లిస్టులో తొమ్మిది తేలాయి. అందులో నాలుగు బాయిలర్‌వి. అసలు ఆయన డ్యూటీయే కాదు!