నడుం నొప్పికి డ్రై నీడ్లింగ్, కరెంట్ పెట్టించుకునే ముందు
డ్రై నీడ్లింగ్ అంటే మందు లేని సన్నటి సూదులు కండలో దింపడం, ఆ సూదుల ద్వారానే కొద్దిగా కరెంట్ కూడా ఇస్తారు. ముందే చెప్తున్నా, ఇది ఇంట్లో సొంతంగా చేసుకునేది కాదు, ట్రైనింగ్ ఉన్న ఫిజియో దగ్గరే చేయించుకోవాలి. ప్రెగ్నెన్సీ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పేయండి, పేస్‌మేకర్ ఉంటే కరెంట్ జోలికి అసలు వెళ్లొద్దు. నడుం నొప్పితో పాటు యూరిన్ కంట్రోల్ తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా సూదుల సంగతి పక్కనపెట్టి వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తండి.

బోర్లా పడుకోబెట్టి, వెన్ను పక్క కండల్లో, పిరుదుల్లో గట్టిపడి నొక్కితే నొప్పెట్టే చోట్లు వెతికి సన్నటి సూది దింపుతారు, అందులో మందేం ఉండదు, కండ ఒక్కసారి టక్కున అదిరితే భయపడకండి అది మామూలే. సూది ప్రతిసారీ కొత్త ప్యాకెట్‌లోంచే తీస్తున్నారా చూస్కోండి. తర్వాత సూదులకి చిన్న క్లిప్పులు తగిలించి కరెంట్ మెల్లగా పెంచుతారు, తక్కువ ఫ్రీక్వెన్సీలో అంటే 2 నుంచి 4 హెర్ట్జ్‌లో (సెకనుకి 2-4 సార్లు) పెడితే కండ టపటపా కొట్టుకుంటుంది, మామూలుగా 10-20 నిమిషాలు ఉంచుతారు, ఓర్చుకుంటే ఎక్కువ పనిచేస్తుందని పళ్లు బిగబట్టకండి, మంటగా ఉంటే తగ్గించమనండి.

ఒకట్రెండు రోజులు కండ పులిసినట్టు నొప్పి ఉండొచ్చు, కానీ సూది తర్వాత ఊపిరాడకపోయినా ఛాతీ నొప్పొచ్చినా ఎమర్జెన్సీయే. నా ఉద్దేశంలో అసలు పని ఎక్సర్‌సైజులదే, సూదులతో వచ్చే రిలీఫ్ ఎక్కువగా కొద్దికాలమే, ఆ టైంలోనే నడక, వ్యాయామం మొదలెట్టేయండి.