పాత ఇల్లు కొన్నారా? కిటికీల జోలికి పోకముందే అటక ఎక్కండి

న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్న మనవాళ్ళు మొదటి చలికాలానికే అప్పు చేసి కిటికీలన్నీ మార్పించేస్తారు. అయినా చలి తగ్గదు. వేడి గాలి పైకి లేచి అటక నేలలోని కంతల గుండా పోతుంటే, ఆ మేరకు చలిగాలి కింది సందుల్లోంచి లోపలికి వస్తుంది. ముందు ఆ కంతలు మూయాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇల్లు ఇంకా కొనకపోతే, దాచుకున్నదంతా డౌన్ పేమెంటుకు ఊడ్చిపెట్టకండి, ఇలాంటి పనులకు కొంత మిగుల్చుకోండి. మొదటి ఇంటికి 3 శాతం కట్టినా మామూలు లోన్ దొరుకుతుంది. 3.5 శాతంతో వచ్చే, ప్రభుత్వ బీమా ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ లోన్ 2025 మే 25 నుంచి హెచ్-1బీ వారికి ఇవ్వడం లేదు. మామూలు లోన్‌లో 20 శాతం కన్నా తక్కువ కడితే పీఎంఐ, అంటే మీరు అప్పు ఎగ్గొడితే బ్యాంకుకు నష్టం రాకుండా మీ చేత కట్టించే బీమా, తప్పదు. బాకీ కొన్నప్పటి విలువలో 80 శాతానికి దిగగానే పీఎంఐ తీసేయమని బ్యాంకుకు ఉత్తరం రాయండి. ఊరుకుంటే 78 దాకా కడుతూనే ఉంటారు. ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా అటకలో పరిచే పొర) మీద 30 శాతం కేంద్ర పన్ను రాయితీ 2025తోనే ముగిసింది. ఇంకా ఉందని చెప్పే అమ్మకందారును గుమ్మంలోంచే పంపేయండి.

సామాను ఎక్కువేమీ లేదు: సందుల్లో ఉబ్బి గట్టిపడే ఫోమ్ డబ్బాలు, మంటను తట్టుకునే సీలెంట్ (సందులు మూసే జిగురు), ఇనుప రేకు, ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు, తలకు కట్టుకునే లైటు, దూలాల మీద అడ్డంగా వేసుకోవడానికి ఒక చెక్క. అక్టోబరులో, ఉదయం పూటే ఎక్కాలి.

పాత ఇన్సులేషన్ ఎత్తి చూడండి. దూదిలాంటి ఆ పీచు ఎక్కడ మసిగుడ్డలా నల్లబడిందో దాని కిందే కంత ఉంటుంది. ఏళ్ళ తరబడి గాలిని వడకట్టి దుమ్ము పట్టిన మరక అది. పీచు గాలిని ఆపదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. వైర్లు, నీటి గొట్టాలు దూరిన చోట్లలో ఫోమ్ కొట్టండి. పీచుకు బదులు బూడిద రంగు గులకరాళ్ళలాంటివి కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా దిగిపోండి. అందులో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు: హీటరు పొగగొట్టం. దాని చుట్టూ చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. చేతిలో ఫోమ్ ఉంది కదా అని అక్కడ కొట్టకండి. ఒక మిత్రుడి ఇంట్లో ఎవరో అలా నింపిన ఫోమ్ గొట్టం వైపు మాడిన అట్టులా గోధుమరంగుకు తిరిగింది. ఫోమ్ మండుతుంది.

ఇనుప రేకును రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో అర్ధచంద్రం తీసి, రెండు పక్కల నుంచీ గొట్టానికి చేర్చి చెక్కకు మేకులు కొట్టండి. మిగిలిన సన్నటి సందులో మంటను తట్టుకునే సీలెంటే వాడాలి. ఇన్సులేషన్ గొట్టానికి తగలకుండా చుట్టూ రేకు కంచె కట్టండి. ఎంత దూరం ఉండాలో గొట్టం మీది లేబుల్ చెబుతుంది. లేబుల్ చిరిగిపోయిందా, పని తెలిసిన మనిషిని పిలవండి. పని అయ్యాక హీటరు పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో మెకానిక్ చేత చూపించి, పడకగదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. ఇందులో బేరం లేదు.

తర్వాత ఆర్-49 (ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత) వచ్చేదాకా పాత కాగితాలతో చేసిన సెల్యులోజ్ ఇన్సులేషన్ పోయించండి. ఫైబర్‌గ్లాస్ వద్దు, నాకు దాని దురద పడదు. చూరు కింది గాలి రంధ్రాలు మూయకండి.

చివరికి అటక తలుపు అంచుకు రబ్బరు పట్టీ అతికించి, దాని కింద ఒక అగరుబత్తి పట్టుకోండి. పొగ సందులోకి వంగితే పట్టీ ఊడదీసి మళ్ళీ అతికించండి.